యాంటీబాడీలకూ పరీక్ష అవసరం

సంపాదకుల వారికి నమస్కారం.

పిండంలో ఏ కణం ఏ అవయవంగా ఎదగాలో శాసించే ప్రోటీన్లను కంటితో చూడడానికి పరిశోధకులకు యాంటీబాడీలే, అంటే ఒక నిర్దిష్ట ప్రోటీన్‌ను గుర్తుపట్టి దానికి అంటుకునే అణువులే, ప్రధాన ఆధారం. 4డి9 అనే యాంటీబాడీతో రంగు పట్టిస్తే, పండ్ల ఈగ పిండంలో ఎన్‌గ్రెయిల్డ్ ప్రోటీన్ ప్రతి ఖండంలోనూ సన్నని చారగా తేలుతుంది; చూసి తీరవలసిన దృశ్యమది. అయితే తల నుంచి తోక వరకు శరీరంలో ఏ భాగం ఏదిగా ఎదగాలో నిర్ణయించే హాక్స్ కుటుంబపు ప్రోటీన్లలో డీఎన్ఏను పట్టుకునే భాగం చాలావరకు ఒకే తీరున ఉంటుంది కనుక, ఆ భాగాన్ని గుర్తుపట్టే యాంటీబాడీ ఒకదానికి బదులు మరొకదానికి అంటుకునే ప్రమాదముంది. సంబంధిత జన్యువు లేని పిండంలోనూ రంగు కనబడితే ఆ యాంటీబాడీ సీసాను పక్కన పెట్టవలసిందే. ఈ పరీక్షకయ్యే ఖర్చును మన నిధుల సంస్థలు విడిగా మంజూరు చేయాలని, 1986లో మొదలై నేడు అయోవా విశ్వవిద్యాలయంలో నడుస్తూ తక్కువ ధరకు యాంటీబాడీలు అందిస్తున్న హైబ్రిడోమా (యాంటీబాడీలను తయారుచేసే సంకర కణాల) బ్యాంకు వంటిదాన్ని మన దేశంలోనూ బలంగా నిలబెట్టాలని కోరుతున్నాను.

— ఒక జీవశాస్త్ర అధ్యాపకురాలు, హైదరాబాద్