సీపీఎస్-1 యాంటీబాడీ విషయంలో ఆదుకున్న అందరికీ కృతజ్ఞతలు

నా పీహెచ్‌డీలో చాలా కాలంగా కదలకుండా ఉన్న పని ఈ వారం పూర్తయింది. చుంచెలుక కాలేయంలో సీపీఎస్-1 అనే ఎంజైమ్ ఎక్కడుందో, అమ్మోనియాను గ్లుటమిన్‌గా మార్చే మరో ఎంజైమ్ గ్లుటమిన్ సింథటేజ్ ఎక్కడుందో ఒకే సెక్షన్ (పలుచగా కోసిన ముక్క) మీద రెండు రంగుల్లో విడివిడిగా కనిపించాయి. సాయం చేసినవాళ్లు పేర్లు రాయొద్దన్నారు, రాయడం లేదు. కానీ చేసిన సాయం ఏమిటో మాత్రం చెప్పకుండా ఉండలేను.

ఇంతకీ సీపీఎస్-1 అంటే కార్బమాయిల్ ఫాస్ఫేట్ సింథటేజ్-1. ఒంట్లో ప్రోటీన్లు విరిగినప్పుడు పుట్టే అమ్మోనియా మెదడుకు విషం. కాలేయం దాన్ని యూరియాగా మార్చే చక్రాన్ని 1932లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో హాన్స్ క్రెబ్స్, కుర్ట్ హెన్సెలైట్ కనిపెట్టారు. ఆ చక్రంలోకి అమ్మోనియాను మొదట పట్టి ఇచ్చేది ఈ ఎంజైమే. ఉండేది మైటోకాండ్రియా లోపల. పుట్టుకతోనే ఇది పనిచేయని పసివాళ్లకు కొద్ది రోజుల్లోనే అమ్మోనియా పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. అలాంటి ఒక బిడ్డకు, అచ్చంగా ఆ బిడ్డ జన్యులోపానికే సరిపడేలా తయారుచేసిన జీన్ ఎడిటింగ్ చికిత్సను 2025లో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో ఇచ్చారు. ఆ వార్త చదివాక ఈ ఎంజైమ్‌ను వదలాలనిపించలేదు.

కాలేయ కణంలో ఇది బోలెడంత ఉంటుంది కాబట్టి చూడటం తేలికేననిపిస్తుంది. కానీ కాలేయం తనంతట తానే వెలుగుతుంది. లిపోఫస్సిన్ లాంటి పదార్థాల వల్ల, ఫార్మలిన్‌లో ఉంచడం వల్ల, యాంటీబాడీ (మనకు కావలసిన ప్రోటీన్‌ను వెతికి పట్టుకునే అణువు) వేయని స్లైడ్ కూడా ఆకుపచ్చ ఛానెల్‌లో మెరుస్తుంది. దానికి తోడు నా దగ్గరున్న రెండు యాంటీబాడీలూ కుందేలులో తయారైనవే. సెకండరీ, అంటే కుందేలు యాంటీబాడీలను పట్టుకునే రంగు యాంటీబాడీ, వేస్తే రెండింటినీ పట్టుకుంటుంది. ఇక ఏ వెలుగు దేనిదో ఎలా చెప్పడం?

ఇక్కడే పుణెలో పనిచేస్తున్న మా సీనియర్ అక్క ఆదుకుంది. ఫార్-రెడ్ రంగు నేరుగా అంటించిన సీపీఎస్-1 యాంటీబాడీ తన దగ్గరుంటే, అందులో కొంత తీసి, రేకు చుట్టి, ఐస్ ప్యాక్‌ల మధ్య థర్మోకోల్ పెట్టెలో పంపింది. "డీప్ ఫ్రీజర్‌లో పెట్టకురా, నాలుగు డిగ్రీల్లో చీకట్లో ఉంచు" అని పెట్టె మీదే రాసింది. ఆ రంగు 647 నానోమీటర్ల దగ్గరి కాంతితో వెలుగుతుంది, అక్కడ కాలేయపు సొంత మెరుపు బాగా తక్కువ.

అంతకంటే విలువైనది తను ఫోన్లో కూర్చోబెట్టి చెప్పిన వరుస. ముందు రంగు లేని గ్లుటమిన్ సింథటేజ్ యాంటీబాడీ, దాని మీద నారింజ రంగు సెకండరీ. తర్వాత మామూలు కుందేలు సీరంతో బ్లాక్ చేసి, సెకండరీలో ఖాళీగా మిగిలిన చేతులన్నీ నింపేయాలి. అన్నిటికంటే చివర సీపీఎస్-1 కాంజుగేట్, అంటే అక్క పంపిన రంగు అంటించిన యాంటీబాడీ. సీరం మెట్టు దాటేస్తే సెకండరీ కాంజుగేట్‌ను కూడా పట్టేసుకుంటుంది, రెండు రంగులూ ఒకేచోట పడతాయి. పేపర్లలో ఒక్క వాక్యంలో తేల్చేసే విషయం. అక్క కారణంతో సహా చెప్పింది.

పెథాలజీ మేడమ్ గారికి పాదాభివందనం. కాలేయ కణితులను గుర్తించడానికి వాళ్లు ఏళ్లుగా వాడే హెప్‌పార్-1 అనే యాంటీబాడీ పట్టుకునేది సీపీఎస్-1నే అని 2008లో తేలిందని ఆవిడ చెప్పేదాకా నాకు తెలియదు. తన స్లైడ్లు తీసి, గోధుమరంగు రవ్వరవ్వగా సైటోప్లాజంలో ఎలా పడుతుందో చూపించారు. ఆ రవ్వలే మైటోకాండ్రియా. సరైన స్టెయినింగ్ ఎలా ఉండాలో కంటికి అలవాటయింది అక్కడే. చిన్నపేగు సెక్షన్ కూడా పక్కన పెట్టుకోమన్నారు, అక్కడి ఎపిథీలియంలోనూ ఈ ఎంజైమ్ ఉంటుంది కాబట్టి. కండరం సెక్షన్ చీకటిగా ఉండాలి, ఉంది.

మైక్రోస్కోప్ గది చూసుకునే అన్నకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. ఫార్-రెడ్ వెలుగు ఐపీస్‌లోంచి కంటికి దాదాపు ఆనదు, కెమెరాయే చూడాలి. స్లైడ్ నల్లగా ఉందని దిగులుపడుతుంటే "ఆగు తమ్ముడూ, కెమెరా పెట్టు" అన్నాడు. సెట్టింగులు ఉత్త స్లైడ్ మీద ముందే బిగించి, అవే అన్నిటికీ ఉంచాడు. లేకపోతే పోలికకు అర్థమే ఉండదు.

సెంట్రల్ సిర చుట్టూ ఒకటి రెండు వరుసల కణాలు నారింజ రంగులో గ్లుటమిన్ సింథటేజ్‌వి. వాటి అవతల పోర్టల్ సిర దాకా పరుచుకున్నదంతా సీపీఎస్-1. యూరియాగా మారకుండా జారిపోయిన అమ్మోనియాను ఆ చివరి వరుస గ్లుటమిన్‌గా పట్టేస్తుంది. పుస్తకంలో చదివిన ఈ పంపకాన్ని నా స్లైడ్ మీదే చూశాను. రీజెంట్లకు ఏనాడూ అడ్డు చెప్పని మా గైడ్ గారికీ, రాత్రిళ్లు ల్యాబ్‌లో తోడున్న జూనియర్లకూ నా ధన్యవాదాలు.

అక్క చెప్పిన వరుసంతా తన అనుమతితోనే తెలుగులో రాసిపెట్టాను, కంట్రోల్ స్లైడ్ల ఫొటోలతో సహా. కాలేయం మీద పనిచేసే విద్యార్థులెవరికి కావాలన్నా అడగండి, వెంటనే పంపుతాను.