పిల్లల లెక్క రాయడం నేర్పించండి

సంపాదకులకు,

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు అనాథలు, వలస కూలీల పిల్లల కోసం చిన్న స్వచ్ఛంద సంస్థలు ఎంతో కష్టపడుతున్నాయి. వాటి రిజిస్టర్లు తిరగేస్తే మాత్రం బాధేస్తుంది. ఎన్ని నోటుపుస్తకాలు పంచారో ఉంటుంది. అమ్మానాన్నల వెంట ఇటుక బట్టీలకు వెళ్లిన పిల్ల తిరిగి బడిలో చేరిందా అన్న గడే ఉండదు.

ఆరు నెలలు దాటిన, ఐదేళ్లలోపు పిల్లల జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే అది తీవ్ర పోషకాహార లోపం. ఆ అంకె రాసి ఊరుకుంటే ఏం లాభం? వెంటనే ఆస్పత్రికి పంపాలి, ఆ తర్వాత కూడా కొలుస్తూ ఉండాలి. ఈ పని కార్యకర్తలకు ఓపిగ్గా నేర్పేవాళ్లు కావాలి. నిధులిచ్చేవారు, జిల్లా బాలల సంరక్షణ అధికారులు తెలుగు, ఒడియాల్లో శిక్షణ ఇప్పించాలి. పిల్లల పేర్లున్న రిజిస్టరును బీరువాలో పెట్టి తాళం వేయడం కూడా అందులో చెప్పాలి.

- ఒక పాఠకురాలు, రాయగడ