స్తంభాలు కాదురా, మెట్లు చూడు

ఒరేయ్ శీనూ,

గ్రీకు గుడైనా రోమన్ గుడైనా స్తంభాలూ పైన త్రికోణమే కదా, ఏంట్రా తేడా అని ఫోన్లో తేల్చేశావు, నువ్వు ఫోన్లో సగమే వింటావు కాబట్టి రాసి పంపిస్తున్నా, తీరిగ్గా చదువు.

స్తంభాల విషయంలో నువ్వన్నది నిజమే, డోరిక్, అయోనిక్, కొరింథియన్ అనే స్తంభాల తీరులన్నీ గ్రీకుల దగ్గర్నుంచి రోమన్లు తీసుకున్నవే. అందుకే స్తంభాలు చూస్తే తేడా దొరకదు, మెట్లు చూడాలి. ఏథెన్స్‌లో పార్థినాన్ అని అథీనా దేవత గుడి ఉందిగా, క్రీ.పూ. 447లో మొదలై 432కల్లా శిల్పాలతో సహా పూర్తయింది, దానికి నాలుగు వైపులా మెట్లే, నాలుగు వైపులా స్తంభాలే, ముందూ వెనకా 8, పక్కలకి 17, మూలవి రెండుసార్లు లెక్కెట్టకపోతే మొత్తం 46. ఇంకో సంగతి, కొండ మీదకి నువ్వెక్కేది పడమర వైపునుంచి, గుడి అసలు వాకిలేమో తూర్పున! అంటే ముందు కనిపించేది వెనకభాగం, అదీ ఓరగా మూలనుంచి, చుట్టూ తిరిగి వెళ్తేనే గుమ్మం. అయినా వెనక వైపు చూస్తున్నామని అనిపించదు, ఎటు చూసినా అంతే శ్రద్ధగా కట్టారు. పునాది రాతివరస కూడా తిన్నగా ఉండదురా, మధ్యలో కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది, పొడుగు వైపు దాదాపు 11 సెంటీమీటర్లు, స్తంభాలు లోపలికి ఒకింత వాలి ఉంటాయి, మూల స్తంభాలు మిగతావాటికంటే కాస్త లావు. దీనివల్ల ప్రతి రాయినీ దాని చోటుకి తగ్గట్టు విడిగా చెక్కాలి, సున్నం లేదు, సిమెంటు లేదు, ఇనప బద్దెలు పెట్టి సీసం పోసి బిగించారు. ఎంత ఓపికరా వాళ్ళకి!

ఇప్పుడు రోమన్లది చూడు. ఫ్రాన్స్‌లో నీమ్ అనే ఊళ్ళో మేజోన్ కారే అని ఒక గుడుంది, తొలి రోమన్ చక్రవర్తి అగస్టస్ కాలంది, దాదాపు చెక్కుచెదరకుండా నిలబడింది. మనిషికంటే ఎత్తైన అరుగు మీద కట్టారు, మెట్లు ముందు మాత్రమే, పక్కనుంచి ఎక్కుదామంటే గోడే అడ్డం. ముందు వసారా బాగా లోతు, వెనకాల గర్భగుడి గోడలు అరుగు అంచుదాకా వచ్చేస్తాయి, అందుకే 30 స్తంభాల్లో 20 సగం గోడలో కూరుకుపోయి ఉంటాయి, బరువు మోసేది గోడ, అవి అలంకారం. ఈ అరుగూ ముందు మెట్లూ గ్రీకులవి కావు, ఇటలీలోనే ఉన్న ఎట్రుస్కన్లనే పాత జాతి అలవాటు. పైగా ఆ గుడి ఊరి నడుమ జనం కూడే మైదానమైన ఫోరమ్‌లో జనం వైపు తిరిగి ఉండేది, వాళ్ళకి కావలసింది ఎదురుగా నిలబడి తలెత్తి చూడటం. దాని మీది కంచు అక్షరాలు ఎప్పుడో పోతే, 1758లో సెగియే అనే ఆయన అవి బిగించిన రంధ్రాల్ని బట్టి శాసనం చదివాడు, అగస్టస్ దత్తత తీసుకున్న మనవలు గాయస్, లూసియస్ పేర్లు బయటపడ్డాయి! నాకైతే ఈ ముక్క ఎన్నిసార్లు తల్చుకున్నా ఒళ్ళు పులకరిస్తుంది.

అన్నట్టు మీ రిచ్‌మండ్‌లో వర్జీనియా క్యాపిటల్, అదే రాష్ట్ర శాసనసభ భవనం, ఉంది చూడు, తర్వాత అమెరికా అధ్యక్షుడైన జెఫర్సన్ దానికి నమూనాగా తీసుకుంది ఈ గుడినే, కాకపోతే స్తంభాలు అయోనిక్‌కి మార్చాడు. డిజైన్ అయ్యాకే, 1787లో, నీమ్ వెళ్ళి అసలుదాన్ని చూశాడు, ప్రియురాలిని చూసే ప్రేమికుడిలా గంటలకొద్దీ చూస్తున్నానని ఉత్తరం రాశాడు.

రోమన్లు నిజంగా గ్రీకుల్ని దాటింది మాత్రం లోపల. గ్రీకులకి రాయో కర్రో దూలమే గతి, ఎక్కువ దూరం వేస్తే విరుగుతుంది. రోమన్లకి అగ్నిపర్వతపు బూడిద కలిపిన కాంక్రీట్ దొరికింది, దాంతో రోమ్‌లో హేడ్రియన్ చక్రవర్తి కాలంలో పాంథియాన్ అనే గుడి లేచింది, డోమ్ 43 మీటర్ల పైచిలుకు వెడల్పు, నేలనుంచి పైదాకా ఎత్తూ సరిగ్గా అంతే. పైకెళ్ళేకొద్దీ తేలికైన రాళ్ళు కలిపారు, నడినెత్తిన ప్యూమిస్ అనే బాగా తేలికైన అగ్నిపర్వతపు రాయి, మధ్యలో కప్పు లేని గుండ్రటి కన్ను. ముందు వసారా చూస్తే మామూలు గుడే అనుకుంటావు, లోపలికి అడుగెడితే మాట పడిపోతుంది.

నన్నడిగితే బయటనుంచి చూడ్డానికి పార్థినాన్, లోపల నిలబడ్డానికి పాంథియాన్, ఈ రెంటిలో ఒకటే ఎంచుకోమంటే మాత్రం పార్థినానే అంటా. నువ్వొకసారి క్యాపిటల్ చుట్టూ తిరిగి పక్కగోడల మీద స్తంభాలు విడిగా ఉన్నాయా, గోడకి అంటుకుని ఉన్నాయా చూసి ఫోటోలు పెట్టు.

ఉంటా మరి,
నీ వాసు