ఏడాది చివరి వేట సీజన్‌కు విల్లుతో వెళ్తున్న అమ్మలుకు

చి. అమ్మలుకు నాన్న ఆశీస్సులు.

మోకాలి ఆపరేషన్ తరువాత కొండలెక్కవద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పారు గనుక ఈ డిసెంబరులో పడమటి వాషింగ్టన్ రాష్ట్రంలోని విల్లాపా హిల్స్‌కు, ఎల్క్ అనే ఆ పెద్ద జింకల వేటకు, నేను నీ వెంట రాలేను. నీవూ నీ స్నేహితురాలూ ఒలింపియా నుంచి బయలుదేరుతున్నారని అమ్మ చెప్పింది. ఇవన్నీ ఫోనులో చెబితే సగం నీ చెవిన పడవు, మిగతా సగం నేను మరిచిపోతాను. అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

సెప్టెంబరు వేటతో దీన్ని పోల్చుకోవద్దు. అప్పుడు మగ ఎల్క్ తనంతట తానే కూతపెట్టి ఎక్కడుందో చెబుతుంది, మన కూత విని దగ్గరికి కూడా వస్తుంది. నవంబరు చివర మొదలై డిసెంబరు మధ్యకల్లా ముగిసే ఈ విల్లు సీజన్‌లో ఆ సదుపాయం లేదు. ఎద కాలంలో మేత మరిచి, పోట్లాడి, ఒంటి బరువులో ఐదో వంతు దాకా పోగొట్టుకున్న మగవి ఇప్పుడు చిన్న గుంపులుగా చేరి, మనుషులు పోని మూలల్లో కోలుకుంటూ ఉంటాయి. ఆడవి పిల్లలతో కలిసి పెద్ద మందలుగా తిరుగుతాయి. నవంబరు మొదట్లోని తుపాకీ సీజన్‌ను కూడా దాటి బతికిన మంద అది. ట్రక్కు తలుపు చప్పుడుకు అర్థమేమిటో దానిలో ప్రతి జంతువుకూ తెలుసు.

అక్కడి అడవి నీవు ఎరిగినదే. కలప కంపెనీలు ఒకచోట నరికి, మరొకచోట నాటుతూ పోతాయి గనుక, ఎల్క్ పగలు దట్టమైన లేత డగ్లస్ ఫర్ చెట్ల తోటల్లో పడుకుని, తెల్లవారుజామునా సాయంత్రమూ నరికిన నేల అంచులకు వచ్చి బ్లాక్‌బెర్రీ తీగలనూ ఫెర్న్ ఆకులనూ మేస్తుంది. వాన నీ అడుగుల చప్పుడును మింగేస్తుంది, అది నీకు మేలు. కానీ ఆ తోటల్లో గాలి ఒక దిక్కున నిలవదు, అది మందకు మేలు. నేల చల్లగా ఉన్నంతసేపూ గాలి వాలు వెంట కిందికి పారుతుంది, వెలుతురు ముదిరి నేల కాస్త వేడెక్కాక పైకి తిరుగుతుంది. మబ్బు పట్టిన రోజున ఆ తిరుగుడు ఎప్పుడొస్తుందో ముందుగా చెప్పలేము. ఇరవై ముక్కులున్న మందలో ఒక్కదానికి నీ వాసన తగిలినా ఆ ఉదయం ముగిసినట్టే. అడుగుజాడలను కూడా వంగి చూడు. గిట్ట దిగిన గుంటలో నిలిచిన నీరు ఇంకా బురదగా ఉంటే మంద ఇప్పుడే దాటింది. నీరు తేటపడి, గుంట అంచులు వానకు కరిగి గుండ్రబడి ఉంటే ఆ జాడ వెంట పడకు.

ఇక అసలు సంగతికి వస్తాను. పడమటి వాషింగ్టన్‌లో డిసెంబరు అంటే వాన, పొద్దు తొమ్మిది గంటలు కూడా ఉండదు, నాలుగున్నరకే సూర్యుడు దిగిపోతాడు. బాణం తుపాకీ గుండులాగా దెబ్బ ధాటితో పడగొట్టదు. గుండెనో ఊపిరితిత్తులనో కోసి రక్తం పోయేలా చేసి చంపుతుంది. ఎంత మంచి దెబ్బ తగిలినా ఎల్క్ కొంత దూరం పరిగెత్తుతుంది, మనం కనీసం అరగంట కదలకుండా ఆగి, తరువాత రక్తపు జాడ వెంట పోవాలి. బాణం పొట్టలో దిగితే, అంటే మీద పచ్చటి మేత అంటుకుని కంపు కొడుతూ ఉంటే, ఆరు గంటలో అంతకన్నా ఎక్కువో ఆగాలి. తొందరపడి వెంట పడితే అది లేచి మైళ్ళ కొద్దీ పోతుంది. పొడి నేల మీద, మంచు మీద ఈ నియమం పాటించడం సులువు. జోరున వాన కురుస్తుంటే ఆ అరగంటలోనే ఫెర్న్ ఆకుల మీది ఎరుపు కడుక్కుపోతుంది. ఆగితే జాడ పోతుంది, ఆగకపోతే జంతువు పోతుంది. రెండు దారులూ చెడ్డవే అయినప్పుడు ఆ పరిస్థితికి చేరకుండా ఉండటమొక్కటే వేటగాడి చేతిలో ఉంటుంది.

అందుకని నీవు ఇల్లు కదలకముందే రెండు హద్దులు పెట్టుకోవాలని నా కోరిక. మొదటిది దూరం. సెకనుకు 240 అడుగుల వేగంతో పోయే నీ బాణానికి 40 గజాలు దాటడానికి అర సెకను పడుతుంది. వింటినారి చప్పుడు అంతకు నాలుగు రెట్లకు పైగా వేగంతో ముందే దాని చెవికి చేరుతుంది. బెదిరిన ఎల్క్ ఆ అర సెకనులో ఒక అడుగు వేస్తే ఊపిరితిత్తులకు గురిపెట్టిన బాణం పొట్టలో దిగుతుంది. నీవు మైదానంలో 50 గజాల దాకా బాగా కొడతావని నాకు తెలుసు, అయినా ఇక్కడ 30 గజాలు దాటితే నారి మీద చేయి వేయవద్దు. అది పక్కకు తిరిగి గానీ, కొంచెం అవతలికి తిరిగి గానీ నిలబడి ఉండాలి. ఎదురుగా నిలబడితే, ఎంత దగ్గరున్నా సరే, ఆగిపో.

రెండవది సమయం. చట్టబద్ధమైన వేట సమయం సూర్యాస్తమయం తరువాత అరగంట దాకా ఉన్నా, వాన పడుతున్న రోజున నీవు మధ్యాహ్నం మూడు తరువాత బాణం వదలకు. చట్టం చెప్పేది ఎప్పటిదాకా వేటాడవచ్చో మాత్రమే. తడిసిన చీకట్లో దెబ్బతిన్న జంతువును వెదకగలవా లేదా అన్నది నీవు తేల్చుకోవలసిన విషయం. నా ఎరుకలో మంచి వేటగాళ్ళు ఈ సీజన్‌లో ఎక్కువగా చేసే పని లాగిన నారిని నెమ్మదిగా తిరిగి దించడమే.

ఈ పట్టుదల ఎందుకంటే, ఇప్పుడు నీ ఎదుట నిలబడే ఆడ ఎల్క్ కడుపులో చాలావరకు పిల్ల ఉంటుంది. ఎదలో కట్టిన చూలు దాదాపు ఎనిమిదిన్నర నెలలు మోసి వేసవి మొదట్లో ఈనుతుంది. చలికాలపు మేతలో సారం తక్కువ, అది బతికేది వేసవిలో కూడబెట్టిన కొవ్వు మీదే. మనం బెదరగొట్టి పరిగెత్తించిన ప్రతిసారీ ఆ కొవ్వులో కొంత వృథా అవుతుంది. కాబట్టి ఒకసారి చెదిరిన మందను అదే రోజు మళ్ళీ తరమకు, మరో లోయకు వెళ్ళు.

నాయనమ్మ నిన్ను అడిగిన ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబు రాస్తాను. తిండికి లోటు లేనివాళ్ళు ప్రాణిని ఎందుకు చంపాలని ఆమె అడగడం న్యాయమే. మన దేశంలో అడవులూ జంతువులూ తరిగిపోయిన తీరుకు 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, 1991 సవరణతో వేట దాదాపు పూర్తిగా ఆగింది. అది అక్కడ సరైన పనేనని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. ఇక్కడ అమెరికాలో కూడా 1900 నాటికి ఎల్క్ లక్షకన్నా తక్కువకు పడిపోయాయి. నీవు వెదకబోయే, రూజ్వెల్ట్ ఎల్క్ అనే రకాన్ని కాపాడటానికే చాలావరకు 1909లో అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ ఒలింపిక్ పర్వతాలను జాతీయ స్మారకంగా ప్రకటించాడు. 1937లో తుపాకుల మీది పన్ను సొమ్మును రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు ఇచ్చే చట్టం వచ్చింది, 1972లో విల్లంబులను కూడా అందులో చేర్చారు. ఈ రోజు ఈ ఖండంలో ఎల్క్ దాదాపు పది లక్షలు. ఒకే సంవత్సరంలో ఒక దేశం వేటను కట్టడి చేసి, మరొక దేశం వేటగాడి విల్లు మీద పన్ను వేసి, రెండూ జంతువు కోసమే పనిచేశాయి. ఈ మాట నాయనమ్మకు నీవే చెప్పు, నా మాటకన్నా నీ మాట ఆమె ఎక్కువ వింటుంది.

విల్లు విషయం క్లుప్తంగా చెబుతాను. వాన కోటు వేసుకునే సాధన చెయ్యి. కోటు చేతి ఉబ్బిన మడత వింటినారికి తగిలితే బాణం పక్కకు పోతుంది. నారిలో గురి చూసే పీప్ రంధ్రంలో నీటి చుక్క నిలిస్తే ఎదుటిదంతా మసకబారుతుంది, లాగే ముందు ఊది చూసుకో. గంటసేపు చలిలో కూర్చున్న భుజాలు ఇంట్లో లాగినంత బరువు లాగలేవు. చట్టం కనీసం 40 పౌన్లు అంటుంది, నీవు 50 దగ్గరే ఉండు, పైకి పెంచకు. లోపల నూలు బట్ట వద్దు, ఉన్ని వేసుకో.

వేట ఫలిస్తే వెంటనే లైసెన్సు ట్యాగ్ జంతువుకు కట్టి, పొద్దుండగానే తోలు తీసి మాంసాన్ని చల్లారనివ్వండి. ఆ ప్రాంతపు ఎల్క్‌లలో గిట్టల జబ్బు ఉంది గనుక గిట్టలను అక్కడే కోసి వదిలిపెట్టాలి, బయటికి తేకూడదు. ఆ జబ్బు మాంసాన్ని పాడుచేస్తుందనడానికి ఆధారం లేదు. ఎముక తీసినా మాంసం మీ ఇద్దరికీ ఒక్క మోతకు తెమలదు, కాబట్టి రోడ్డుకు దూరంగా, లోతైన లోయ అడుగున బాణం వేసే ముందు ఆ మోతను కూడా లెక్కలోకి తీసుకో. మైనంలా పళ్ళకు అంటుకునే దాని కొవ్వును పూర్తిగా తీసేయమని అమ్మ చెబుతోంది. గోంగూర సిద్ధంగా ఉంది.

ఏమీ దొరకకపోయినా జనవరి 31 లోగా రాష్ట్ర వన్యప్రాణి శాఖకు రిపోర్టు పంపాలి. మందలను లెక్కగట్టేవాళ్ళకు వట్టి చేతులతో వచ్చినవాళ్ళ సమాచారం కూడా అంతే అవసరం. ఏ గేటు దగ్గర బండి ఆపుతారో ముందురోజు రాత్రే నాకు మెసేజ్ పెట్టు, చీకటి పడి ఆరు దాటేలోగా బండి దగ్గరికి చేరామని మరొకటి పెట్టు.

ఆశీస్సులతో,
నాన్న