ఆ తొమ్మిది వారాల్లో నాకు అండగా నిలిచినవాళ్లకు

అందరికీ నమస్కారం. పోయిన వారం నా అకౌంట్లో తొమ్మిది వారాల జీతం పడింది. నన్ను ఒక్కరోజు కూడా పని చేయనివ్వని కంపెనీ ఇచ్చిన జీతం అది. దాని వెనక ఎంతమంది ఉన్నారో చెప్పకుండా ఉండలేక ఇది రాస్తున్నాను.

డాలస్ దగ్గర ఒక ఆఫీసులో అకౌంట్స్ ఉద్యోగం వచ్చింది. మొదటి రోజు ఐ-9 ఫారం (అమెరికాలో పని చేయడానికి అనుమతి ఉందని చూపించే ఫారం) నింపి, డ్రైవింగ్ లైసెన్సు, సోషల్ సెక్యూరిటీ కార్డు ఇచ్చాను. పర్మనెంట్ రెసిడెంట్ అన్నచోట నేను పెట్టిన టిక్ చూసి, హెచ్‌ఆర్‌ ఆవిడ ఆ రెండు కార్డులూ నా వైపు జరిపేశారు. "గ్రీన్‌కార్డు కావాలి" అన్నారు. ఇల్లు మారినప్పుడు పోయిందని, కొత్తదానికి అప్లై చేశానని చెప్పాను. "అయితే అది వచ్చాకే రండి." నా వెనక ఉన్న అమ్మాయి అమెరికన్ సిటిజన్. తనూ లైసెన్సు, సోషల్ సెక్యూరిటీ కార్డే ఇచ్చింది. ఐదు నిమిషాల్లో మెడలో బ్యాడ్జి వేసుకుని లోపలికి వెళ్లింది. నేను పార్కింగ్‌లో కారులో కూర్చుని ఏడ్చాను. వారం తిరక్కుండానే ఆఫర్ వెనక్కి తీసుకుంటున్నామని మెయిల్.

మొదటి దండం మా పక్కింటి అక్కకి. "నీ తప్పేం లేదమ్మా, ముందు ఆ ఫారంతో వచ్చే లిస్టు చదువు" అని తనే ప్రింట్ తీసి తెచ్చింది. 'ఎ' లిస్టులోది ఒకటి ఇస్తే చాలు. లేదంటే 'బి'లోది ఒకటి, 'సి'లోది ఒకటి. నేనిచ్చిన లైసెన్సు 'బి'లోది, సోషల్ సెక్యూరిటీ కార్డు 'సి'లోది. ఏవి ఇవ్వాలన్నది ఉద్యోగి ఇష్టం. ఫలానా కార్డే తెమ్మని కంపెనీ పట్టుబట్టకూడదు. అక్క ఆ మాట కింద ఎర్ర పెన్నుతో రెండుసార్లు గీత గీసింది. ఆ కాగితం ఇప్పటికీ మా ఫ్రిజ్ మీదే ఉంది.

హాట్‌లైన్ నంబర్ ఇచ్చింది కూడా అక్కే. జస్టిస్ డిపార్ట్‌మెంట్ సివిల్ రైట్స్ డివిజన్‌లో ఇమిగ్రెంట్ అండ్ ఎంప్లాయీ రైట్స్ సెక్షన్ ఉంది. 1-800-255-7688 దాని వర్కర్ల లైను. పేరు చెప్పకుండానూ మాట్లాడొచ్చు. ఆ రోజు టెన్షన్‌లో నాకు ఇంగ్లీషు నోట్లోంచి రాలేదు. ఫోన్ ఎత్తినావిడ విసుక్కోలేదు, తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని లైన్లోకి తెచ్చారు. నా అనుమతి తీసుకుని కంపెనీకి ఫోన్ చేసి రూల్ వివరించారు. చాలా గొడవలు ఆ ఒక్క ఫోన్‌తోనే తీరిపోతాయట. నాది తీరలేదు. అందుకని ఫిర్యాదు వేశాను. జరిగిన రోజు నుంచి 180 రోజుల్లోపు వేయాలి, దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి.

కేసు చూసిన లాయరుగారు మొదటి ఫోన్‌లోనే ఒక మాట చెప్పారు. తాను నా లాయరు కాదని, అమెరికా ప్రభుత్వం తరఫు లాయరని, కావాలంటే నేను సొంత లాయర్ని పెట్టుకోవచ్చని. నాకు గుండె జారింది. ఆయన చూస్తున్నది నా ఒక్కదాని సంగతే కాదని, ఆ టేబుల్ దగ్గర్నుంచి వెనక్కి పంపిన అందరి సంగతీ అని తర్వాత తెలిసింది. హెచ్‌ఆర్‌ ఆవిడ సరిగ్గా ఏ మాట అన్నారు, ఫారం చూడకముందా, చూశాకా, నా వెనక ఎవరున్నారు అని గంటన్నర అడిగారు. గ్రీన్‌కార్డు వచ్చి ఎన్నేళ్లయిందనీ అడిగారు. సిటిజన్‌షిప్‌కి అర్హత వచ్చాక ఆరు నెలల్లో అప్లై చేయకపోతే ఈ చట్టంలో ఒక రక్షణ పోతుందట. నాది మూడేళ్లే, ఆ అర్హత ఇంకా రాలేదు కాబట్టి సరిపోయింది. ఎన్నేళ్లుగానో వాయిదా వేస్తున్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు, వాళ్లకోసం చెబుతున్నాను.

తర్వాత కంపెనీ ఐ-9 ఫారాలన్నీ తెప్పించారు. వరసగా పెట్టి చూస్తే సిటిజన్ల ఫారాల్లో ఎక్కువగా లైసెన్సు, సోషల్ సెక్యూరిటీ కార్డు. మా లాంటివాళ్ల ఫారాల్లో దాదాపు అన్నిట్లో గ్రీన్‌కార్డే. అందరూ ఇష్టంతో ఇచ్చి ఉంటే అలా వస్తుందా? నా ఒక్కదాని మాట అయితే "అలా అనలేదు" అని కొట్టిపారేసేవాళ్లు. ఆ కాగితాలను కాదనలేకపోయారు.

అనుమతి లేనివాళ్లని పనిలో పెట్టుకోకూడదని 1986లో చట్టం తెచ్చినప్పుడు, ఆ భయంతో కంపెనీలు యాసనీ మొహాన్నీ చూసి మనుషుల్ని దూరం పెడతాయేమోనని అదే చట్టంలో వివక్షని కూడా నిషేధించారట. లాయరుగారు ఇది చెప్పేదాకా నాకు తెలియదు. ఇది జైలుకి పంపే క్రిమినల్ కేసు కాదు. రాజీ కుదరకపోతే ప్రత్యేక జడ్జి ముందు దావా వేస్తారు. ఈ సెక్షన్ వలస వచ్చినవాళ్ల కోసమే అనుకునేవాళ్లూ ఉన్నారు. గ్రీన్‌కార్డు స్పాన్సర్ చేసే ఉద్యోగాల్లో అమెరికన్లని పక్కన పెట్టారన్న ఆరోపణ మీద 2021లో ఫేస్‌బుక్‌తో సెటిల్‌మెంట్ చేసిందీ, 2023లో యాపిల్‌తో 2.5 కోట్ల డాలర్లకు ఒప్పందం చేసుకుందీ వీళ్లే.

నా కేసు రాజీతో ముగిసింది. నాకు జీతం, ప్రభుత్వ ఖజానాకి జరిమానా, హెచ్‌ఆర్‌ వాళ్లందరికీ ట్రైనింగ్. ఈలోపు వేరేచోట ఉద్యోగం దొరికింది, ఆ ఆఫీసుకి మళ్లీ వెళ్లలేదు.

చివరి థాంక్స్ లైన్లో నా వెనక నిలబడిన ఆ అమ్మాయికి. అక్కడే పని చేస్తూ, తన కళ్లతో చూసింది చూసినట్టు లాయరుగారికి చెప్పింది. సాక్షి మీద కక్ష సాధించడమూ నేరుగా ఆ చట్టానికే విరుద్ధమని ఆయన ముందే ధైర్యం చెప్పారట. అయినా, ముక్కూమొహం తెలియని నాకోసం అలా నిలబడటం చిన్న విషయం కాదు. మొన్న తనే ఒక ఫోటో పంపింది. వాళ్ల బ్రేక్‌రూమ్‌లో కాఫీ మెషీన్ పక్కన, ఉద్యోగుల హక్కుల పోస్టరు, కింద ఆ హాట్‌లైన్ నంబరు.