బ్యాటరీ మార్చినా, కొత్త పేస్‌మేకర్ పెట్టినా ఒకటే కోడా?

ఎడిటర్ గారికి,

మీ కెరీర్ పేజీలో మెడికల్ కోడింగ్ (డాక్టర్ చేసిన చికిత్సకి బిల్లు కోసం కోడ్ నంబర్ వేసే పని) గురించి వచ్చినప్పుడల్లా కోర్సు ఎన్ని నెలలు, జీతం ఎంత అనేదే ఉంటుంది గానీ కోడర్ రోజంతా కూర్చుని ఏం చేస్తాడో రాయట్లేదండీ, దాంతో ఏవో నంబర్లు ఎక్కించే పనిలే అనుకుంటున్నారు అందరూ. నేను అమెరికా హాస్పిటళ్ళ కార్డియాలజీ చార్టులు (గుండె పేషెంట్ల రికార్డులు) చూస్తాను, ఒక్క పేస్‌మేకర్ (గుండె సరిగ్గా కొట్టుకునేలా చూసే చిన్న పరికరం) సంగతి చెప్తా.

అక్కడ డాక్టర్ చేసిన ప్రొసీజర్‌కి అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వాళ్ళ సీపీటీ కోడ్ వేయాలి. పేస్‌మేకర్ కొత్తగా పెట్టి లీడ్ (పరికరం నుంచి గుండెకి వెళ్ళే వైరు) గుండె పై గదిలో వేస్తే 33206, కింది గదిలో అయితే 33207, రెండింట్లో వేస్తే 33208. ఇంతవరకు ఈజీనే. తిప్పలన్నీ బ్యాటరీ అయిపోయి వచ్చిన పేషెంట్ దగ్గరే. రిపోర్ట్ పైన 'పేస్‌మేకర్ రీప్లేస్‌మెంట్' అని ఉంటుంది, 33208 వివరణలో కూడా రీప్లేస్‌మెంట్ అనే ఉంటుంది, కొత్తగా చేరినవాళ్ళు అది చూసి టక్కున వేసేస్తారు. లోపల చదివితే పాకెట్ (చర్మం కింద పరికరం పెట్టిన చోటు) తెరిచాం, పాత జనరేటర్ (బ్యాటరీ ఉండే డబ్బా) తీశాం, పాత లీడ్లు రెండూ టెస్ట్ చేస్తే బానే ఉన్నాయి, వాటికే కొత్త జనరేటర్ తగిలించాం అని ఉంటుంది. అప్పుడు వేయాల్సింది 33228. సింగిల్ లీడ్ అయితే 33227, మూడుంటే 33229. ఇక్కడ 33208 వేశామంటే వేయని లీడ్లకి బిల్లు చేసినట్టే, ఆడిట్‌లో దొరికితే డబ్బు వెనక్కి కట్టాల్సొస్తుంది.

అదే కేసులో కింది గది లీడ్ పాడైందని దాన్నొక్కదాన్నే కొత్తది వేశారనుకోండి, 33228 పనికిరాదు, పాత జనరేటర్ తీసినందుకు 33233, కొత్త జనరేటర్‌కీ కొత్త లీడ్‌కీ కలిపి 33207. పాత లీడ్ బయటికి తీయకుండా క్యాప్ పెట్టి లోపలే వదిలేస్తే దానికి విడిగా ఏమీ రాదు. ఇదంతా రిపోర్ట్‌లో ఒకే ఒక్క లైన్ మీద ఆధారపడి ఉంటుంది, ఆ లైన్ క్లియర్‌గా రాసే డాక్టర్లు తక్కువ (చేతిరాత పోయి టైపింగ్ వచ్చినా మనకి ఒరిగిందేం లేదు), డాక్టర్‌కి క్వెరీ (అనుమానం అడుగుతూ రాసే ప్రశ్న) పెట్టి జవాబు వచ్చేదాకా చార్ట్ ఆపాల్సిందే.

ఫ్లోరోస్కోపీ (ఆపరేషన్ చేస్తూ చూసుకునే లైవ్ ఎక్స్‌రే) ఈ కోడ్లలోనే కలిసిపోతుంది, విడిగా వేయకూడదు. ఆపరేషన్ అయ్యాక 90 రోజుల్లోపు అదే డాక్టర్ మామూలుగా గాయం చూసినా వేరే బిల్లు ఉండదు. లీడ్లే లేని పేస్‌మేకర్‌కైతే 2019 నుంచి 33274 అని వేరే కోడ్ ఉంది.

ఈసారి కోడింగ్ గురించి వేసేటప్పుడు జీతాల టేబుల్ కొంచెం తగ్గించి, పేషెంట్ వివరాలు తీసేసిన ఆపరేషన్ రిపోర్ట్ ఒకటి వేయండి, చేరాలనుకునేవాళ్ళు ముందు దాన్ని చదివి లీడ్లు ఎన్నో, అందులో కొత్తవి ఎన్నో చెప్పగలరేమో చూసుకుంటారు.

ఇట్లు,
ఒక మెడికల్ కోడర్