జుమా వేళ గుమాస్తాలనూ వదలండి

సంపాదకుడు గారికి,

శుక్రవారం మధ్యాహ్నం జుమా నమాజు వేళ బెంగళూరు చిక్కపేట, అవెన్యూ రోడ్డు వైపు ముస్లింల కొట్లు మూసేస్తారని హిందూపురం, మదనపల్లె నుంచి సరుకు కోసం వచ్చేవాళ్లు విసుక్కుంటుంటారు. నిజానికి చాలా కొట్లు మూయరు. సేఠ్ ఒక్కడే టోపీ పెట్టుకుని సిటీ మార్కెట్ జామియా మసీదుకు వెళ్తాడు. కౌంటర్ దగ్గర కుర్రాడు మీటరు కడ్డీతో గుడ్డ కొలుస్తూనే ఉంటాడు. అజాన్ (నమాజు పిలుపు) వాడికీ వినిపిస్తుంది. ఒకసారి గడియారం వైపు చూసి, మళ్లీ గుడ్డ తాను విప్పుతాడు. నమాజు చేసుకొచ్చిన సేఠ్ గల్లా తెరుస్తూ మొదట అడిగేది, 'ఎంత అమ్మావు?' అని.

నేనూ ముస్లింనే, బట్టల కొట్లో గుమాస్తాగా చేసినవాణ్నే, అందుకే రాస్తున్నా. ఖురాన్ 62వ సూరా (అధ్యాయం) పేరే జుమా. శుక్రవారం నమాజుకు పిలుపు వినగానే బేరం వదిలి రమ్మని అందులో 9వ ఆయత్ (వాక్యం) విశ్వాసులందరికీ చెబుతుంది. ఓనర్లకని విడిగా చెప్పలేదు మరి! నమాజు ముగిశాక వెళ్లి బతుకుతెరువు చూసుకోమని ఆ వెంటనే 10వ ఆయత్ అంటుంది. కాబట్టి రోజంతా సెలవు ఇమ్మని ఎవరూ అడగడం లేదు. 11వ ఆయత్‌లో మందలింపు ఉంది. ప్రవక్త ప్రసంగిస్తుండగా మదీనాకు సరుకుల బిడారు వచ్చిందని విని జనం లేచి అటు పరుగెత్తారట. మిగిలింది 12 మందేనని హదీసు (ప్రవక్త కాలం గురించిన ఉల్లేఖనం). తర్వాత ఖలీఫా ఉస్మాన్ కాలంలో జనం పెరిగాక, మదీనా బజారులోని జౌరా అనే చోట ముందుగా ఇంకో అజాన్ ఇప్పించారు. మనవైపు ముస్లింలలో ఎక్కువమంది హనఫీ అనే సున్నీ ధర్మశాస్త్ర శాఖవాళ్లు. వాళ్ల లెక్కలో ఆ మొదటి అజాన్‌తోనే బేరం ఆపాలి. ఆ వేళ అమ్మినా అమ్మకం చెల్లుతుంది, పాపం మాత్రం తప్పదు. ఇంకో శాఖ హంబలీలైతే, ప్రసంగానికి ముందు ఇచ్చే రెండో అజాన్ తర్వాత చేసిన బేరం అసలు చెల్లదంటారు.

అలాగని షట్టర్ దించి తీరాలనేమీ లేదు. ఆడవాళ్లు, ప్రయాణికులు, రోగులు, ముస్లిమేతరులు... జుమా విధి కానివాళ్లు తమలో తాము చేసుకునే బేరానికి అడ్డు లేదని చాలామంది పండితుల మాట. అంటే వేరే సిబ్బంది ఉన్న కొట్టు నడవొచ్చు, ముస్లిం కుర్రాణ్ని వదిలితే చాలు.

చట్టం కూడా అడ్డు రాదు. పని ఐదు గంటలు దాటకముందే కనీసం గంట విరామం ఇవ్వాలని 1961 నాటి కర్ణాటక షాపుల చట్టమే అంటోంది. ఆ గంటను శుక్రవారాలు జుమా వేళకు జరిపితే సరిపోతుంది. ఒక్కో మసీదులో జమాత్ (సామూహిక నమాజు) ఒక్కో టైముకు ఉంటుంది కాబట్టి ఇద్దరు కుర్రాళ్లుంటే వంతులవారీగానూ పంపొచ్చు. వ్యాపారుల సంఘాలు ఈ మాట సభ్యులకు గట్టిగా చెప్పాలి, లేబర్ ఇన్‌స్పెక్టర్లు అడగాలి. మూసే కొట్లవాళ్లు ఏ టైము నుంచి ఏ టైము వరకో కన్నడంతో పాటు తెలుగులోనూ బోర్డు పెడితే, ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ఆ గంటలో భోజనం చేసొస్తారు.

ఇట్లు,
ఒక మాజీ గుమాస్తా,
బెంగళూరు